చిన్న సెయిల్‌బోటులో హాయిగా నిద్ర పట్టాలంటే: పరుపు ఆఖరున కొనండి

బోటు కొన్న కొత్తలో నేను డబ్బు పెట్టిన మొదటి వస్తువు పరుపు. ఖరీదైనదే. అక్టోబరులో ఒక శనివారం లేక్ టెక్సోమాలో యాంకర్ (లంగరు) వేసి, ఇద్దరం ఆ పరుపు మీద పడుకున్నాం. పదకొండింటికి నెత్తిన ఎవరో రేకు డబ్బా కొడుతున్నట్టు టంగు టంగుమని మోత. ఒంటిగంటకి ఉక్కపోత, వీపంతా చెమట. మూడింటికి నేను దొర్లుకుంటూ వెళ్లి మా ఆవిడ మీద పడ్డాను. ఐదింటికి సరిగ్గా కనుబొమ్మ మీద ఒక చల్లటి నీటిచుక్క. తెల్లారాక పరుపు ఎత్తి చూస్తే అడుగున తడి. నాలుగుసార్లు మెలకువ వచ్చింది, ఒక్కదానికీ పరుపు మెత్తదనంతో సంబంధం లేదు.

అందుకే ఈ గైడు తలకిందులుగా ఉంటుంది. మామూలుగా అందరూ ఫోమ్‌తో మొదలుపెడతారు. మనం చప్పుడుతో మొదలుపెట్టి ఫోమ్ దగ్గరికి నెమ్మదిగా వద్దాం.

నా బోటు కాటలినా 22. ఫ్రాంక్ బట్లర్ 1969లో మొదలుపెట్టిన కాటలినా యాట్స్ వాళ్ల తొలి మోడల్. 15,000కి పైగా తయారయ్యాయి, కాబట్టి అమెరికాలో సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరికే చిన్న బోట్లలో ఇదొకటి. పొడవు 21 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు. క్యాబిన్‌లో నిటారుగా నిలబడలేం. ముక్కు వైపు వి ఆకారంలో ఒక బెర్త్, ఎడమ పక్క బల్ల దించితే మంచమయ్యే డైనెట్, కుడి పక్క పొడుగాటి సెటీ, అంటే పరుపు వేసిన బల్లలాంటి సీటు. టెక్సోమా డాలస్‌కి ఉత్తరంగా గంటన్నర డ్రైవ్. రెడ్ రివర్ మీద 1944లో పూర్తయిన డెనిసన్ డ్యామ్ వెనక నిలిచిన నీళ్లు అవి. స్ట్రైపర్ చేపల కోసం వెళ్లే మనవాళ్లు చాలామందికి తెలిసిన చోటే. మీ బోటు వేరేదైనా, 20 నుంచి 26 అడుగుల మధ్య ఉంటే ఇక్కడ చెప్పేవన్నీ దాదాపు అలాగే పనికొస్తాయి.

మొదటి పని: ఒక రాత్రి పడుకుని లెక్క రాసుకోండి

ఏమీ కొనకండి. ఇంట్లో ఉన్న దుప్పట్లు పట్టుకెళ్లి ఒక రాత్రి యాంకర్ మీద పడుకోండి. మెరీనాలో, అంటే బోట్లు నిలిపే రేవులో, కట్టేసి పడుకుంటే సగం ఇబ్బందులు బయటపడవు. తల దగ్గర పుస్తకం, పెన్సిల్ పెట్టుకోండి. మెలకువ వచ్చిన ప్రతిసారీ టైమూ, కారణమూ రాయండి. "2:10, కాళ్లు గోడకి తగిలాయి" అన్నంత చిన్న విషయమైనా సరే. బోటులో ఇంకొకరు పడుకుంటే వాళ్ల చేత కూడా విడిగా రాయించండి. నేను ఉక్కపోత అని రాసిన గంటలోనే మా ఆవిడ చలి అని రాసింది. ఆవిడ హల్ (బోటు బయటి ఒళ్లు) గోడ పక్కన, నేను మధ్యలో. ఆ ఒక్క తేడాతో ఎవరికి ఏం కావాలో తెలిసిపోయింది.

చప్పుళ్లు

ఖర్చు దాదాపు సున్నా, లాభం అన్నిటికన్నా ఎక్కువ. రాత్రి మోత వినబడితే క్యాబిన్ మధ్యలో మాస్ట్ (తెరచాప కొయ్య) బరువు మోసే నిలువు స్తంభానికి చెవి ఆనించండి. మోత అందులోంచి గట్టిగా వస్తే తప్పు మాస్ట్‌ది.

మాస్ట్‌కి బయట కొట్టుకునేది హాలియార్డ్, అంటే తెరచాపని పైకి లాగే తాడు. దాన్ని బిగించడం కాదు మందు, మాస్ట్‌కి దూరంగా లాగి కట్టడం. ముందు రెయిలింగుకో, మాస్ట్‌ని పక్కనుంచి పట్టి ఉంచే తీగ ష్రౌడ్‌కో సాగే బంగీ తాడుతో లాగి కడితే గాలి ఎంత వీచినా కిక్కురుమనదు. లోపల కొట్టుకునేవి కరెంటు వైర్లు. చలికాలంలో మాస్ట్ దించినప్పుడు ఆ వైరు బయటికి లాగి, అడుగున్నరకి ఒకచోట మూడేసి జిప్ టైలు మూడు దిక్కులకి తోకలు వచ్చేలా బిగించండి. తోకలు కత్తిరించకండి. అవే వైరుని గోడకి తగలకుండా పట్టుకుంటాయి.

ఇక కింద నుంచి గుబ్బు గుబ్బుమని వచ్చేది కీల్, అంటే బోటు అడుగున నీళ్లలోకి దిగి ఉండే బరువైన రెక్క. కాటలినా 22లో చాలావాటికి పైకి లాగే స్వింగ్ కీల్ ఉంటుంది, అల వచ్చినప్పుడల్లా తన గూట్లో అటూఇటూ కదులుతుంది. లాకింగ్ బోల్టు ఉంటే కొంచెం బిగించండి, చాలు. కానీ పొద్దున బయలుదేరే ముందు దాన్ని వదులు చెయ్యాలి. బిగించి నడిపితే, నేల తగిలినప్పుడు పైకి లేవాల్సిన కీల్ లేవదు, గూడు దెబ్బతింటుంది. నేను మర్చిపోకుండా రాత్రి పూట మోటారు తాళం చెవిని ఆ బోల్టుకే తగిలిస్తాను.

రడ్డర్ (చుక్కాని) కిటకిటలాడితే దాన్ని తిప్పే కర్ర టిల్లర్‌ని రెండు పక్కలా తాడుతో కట్టేయండి. గిన్నెల మధ్య తువ్వాలు పెట్టండి. బోటు వెనక భాగం కింద చిన్న అలలు చప్పట్లు కొట్టినట్టు కొడుతుంటాయి, దానికి మాత్రం పూర్తి మందు లేదు. తల ముక్కు వైపుకో మధ్యకో పెట్టుకుంటే తక్కువ వినిపిస్తుంది.

గాలి, దోమలు, ఎండ

యాంకర్ మీద ఉన్న బోటు గాలికి ఎదురుగా తిరిగి నిలబడుతుంది. ఇది మనకి కలిసొచ్చే విషయం. ముందు పైకప్పులో ఉన్న హ్యాచ్ అనే మూత తెరిస్తే గాలి అందులోంచి దూరి, వెనక మెట్ల దారిలోంచి పోతుంది. హ్యాచ్ మీద నైలాన్ విండ్‌స్కూప్ కడితే చిన్న గాలిని కూడా పట్టి లోపలికి దించుతుంది. మెరీనాలో అయితే బోటు కట్టేసి ఉంటుంది కాబట్టి గాలి ఎటునుంచైనా రావచ్చు, అక్కడ ఫ్యానే దిక్కు.

12 వోల్టుల చిన్న ఫ్యాన్ ఒకటి తల దగ్గర, వీలైతే ఇంకొకటి కాళ్ల దగ్గర పెట్టండి. మంచి ఫ్యాన్ 0.3 ఆంపియర్లకి అటూఇటూగా తింటుంది. పది గంటలు తిరిగితే 3 ఆంపియర్ అవర్లు. 75 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకున్నా రెండు ఫ్యాన్లు ఆరు రాత్రులు తిరుగుతాయి. ఏసీ గురించి అడుగుతారు, అందుకే ముందే చెప్తున్నా: యాంకర్ మీద ఈ సైజు బోటుకి ఏసీ ఆలోచన వద్దు.

దోమతెర లేకపోతే హ్యాచ్ తెరిచి ఉపయోగం లేదు. మెట్ల దారికి తలుపులా బిగించే తెరలు అమ్ముతారు. నాకు నచ్చింది మాత్రం మామూలు దోమతెర గుడ్డ కొని, నాలుగు వైపులా ఒక్కో అడుగు ఎక్కువ ఉండేలా కత్తిరించి, అంచు మడతలో సన్నటి గొలుసు పెట్టి కుట్టినది. దారి మీద కప్పితే బరువుకి అదే సర్దుకుంటుంది. రాత్రి బయటికి వెళ్లాలంటే తల పెట్టి తోసుకుంటూ పోవచ్చు, వెనక తనంతట తను మూసుకుంటుంది. కంటికి కనబడని చిన్న పురుగులు కూడా ఉంటాయి కాబట్టి సన్న కన్ను గుడ్డే తీసుకోండి.

టెక్సాస్ ఎండలో డెక్ (బోటు పైభాగం) మధ్యాహ్నం పెనంలా కాలుతుంది, ఆ వేడి రాత్రి పది దాకా క్యాబిన్‌లోకి దిగుతూనే ఉంటుంది. తెరచాప అడుగున అడ్డంగా ఉండే కొయ్య బూమ్ మీదుగా తెల్ల టార్పాలిన్ కప్పి మధ్యాహ్నం నుంచే నీడ పట్టండి. సాయంత్రం పడుకునేటప్పుడు కప్పితే లాభం లేదు.

జూన్, జులై నెలల్లో మేం క్యాబిన్‌లో పడుకోవడమే మానేశాం. బోటు వెనక పైకప్పు లేకుండా కూర్చునే చోటు కాక్‌పిట్‌లో రెండు సీట్ల మధ్య పలకలు పరిచి పైన పడుకుంటాం. చిన్నప్పుడు డాబా మీద నీళ్లు చల్లి, బొంతలు పరుచుకుని పడుకున్నట్టే ఉంటుంది. మంచు మాత్రం డాబా మీద కన్నా ఎక్కువ కురుస్తుంది, పైన టార్పాలిన్ లేకపోతే తెల్లారేసరికి దుప్పటి పిండుకోవాలి.

చలికాలానికి ఒకే ఒక్క హెచ్చరిక. మూసిన క్యాబిన్‌లో ప్రొపేన్ హీటరో, స్టవ్వో, బొగ్గుల కుంపటో వెలిగించి నిద్రపోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం పోతుంది. పక్క బోటు జనరేటర్ పొగ కూడా మీ క్యాబిన్‌లోకి రావచ్చు. బ్యాటరీతో నడిచే అలారం ఒకటి తల ఎత్తులో బిగించండి. ఇది మొదటి వారమే కొనాల్సిన వస్తువు.

వాలు సరిచెయ్యడం

నేను మూడింటికి దొర్లిపడ్డ కథకి కారణం ఇది. చిన్న బోటులో 70 కిలోల మనిషి ఎటు పడుకుంటే బోటు అటు వాలుతుంది. ఇంట్లో పిల్లల దగ్గర గోలీ ఉంటే పట్టుకెళ్లండి. మీరు రాత్రి పడుకునే చోటే పడుకుని, గోలీని క్యాబిన్ నేల మీద వదలండి. అది పరుగెత్తిన వైపుకి ఎదురు దిక్కుకి బరువు జరపాలి. 5 గ్యాలన్ల నీళ్ల డబ్బా దాదాపు 19 కిలోలు, కాబట్టి రెండు డబ్బాలు, ఐస్‌బాక్సు, టూల్ బాక్సు జరిపితే సరిపోతుంది. గోలీ కదలకుండా నిలబడనక్కర్లేదు, నెమ్మదిగా దొర్లితే చాలు.

పూర్తిగా సరికాకపోతే తల ఎత్తు వైపు ఉండేలా పడుకోండి. వి బెర్త్‌లో ఇద్దరు పడుకుంటే ముక్కు కిందికి దిగుతుంది, మన జాలరులు అణియం అనేది ఆ భాగాన్నే. అందుకే అక్కడ కాళ్లు ముక్కు వైపు, తల క్యాబిన్ వైపు పెట్టుకోవడం అన్ని విధాలా మంచిది.

పరుపు కింద గాలి

ఈ ఒక్క విషయంలో మన నవారు మంచాన్ని మించిన గురువు లేదు. అడుగున గాలి ఆడుతుంది, చెమట ఆరుతుంది, పరుపు కుళ్లదు. బోటు బెర్త్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఫైబర్‌గ్లాసు పలక మీద ఫోమ్ పెడతాం. రాత్రంతా మన ఒంట్లోంచి వచ్చే ఆవిరి ఫోమ్ గుండా దిగి, చెరువు నీళ్లంత చల్లగా ఉన్న పలకని తాకి నీరవుతుంది. నా పరుపు అడుగున కనిపించిన తడి లీకేజీ కాదు, మా చెమటే. కనుబొమ్మ మీద పడ్డ చుక్క కూడా మా ఊపిరే, చల్లటి పైకప్పుకి తగిలి నీరై కారింది.

పరుపుకీ పలకకీ మధ్య కనీసం అర అంగుళం ఖాళీ ఉండాలి. దీనికి నాలుగు దారులు. ప్లైవుడ్ పలక అయితే 6 అంగుళాలకి ఒకటి చొప్పున అంగుళం బెజ్జాలు పెట్టడం అన్నిటికన్నా చవక, కానీ కింద సామాను పెట్టుకునే లాకర్‌లో కూడా గాలి ఆడాలి. హైపర్‌వెంట్ లాంటి వలవల చాప కొని కత్తెరతో కత్తిరించి పరవడం అన్నిటికన్నా తేలిక. ఫ్రోలీ అనే జర్మన్ ప్లాస్టిక్ స్ప్రింగుల పలక గాలితో పాటు మెత్తదనం కూడా ఇస్తుంది, ధర మాత్రం గట్టిగానే ఉంటుంది. నేను చేసింది నాలుగోది. ఐకియాలో దొరికే చెక్కపట్టీల చుట్ట కొని, బెర్త్ ఆకారానికి కోసి, పట్టీల కింద అంగుళం ఎత్తు చెక్కముక్కలు పెట్టాను. పట్టీల మధ్య ఖాళీ 3 అంగుళాలు దాటకూడదు, దాటితే ఫోమ్ ఆ సందుల్లోకి దిగిపోతుంది. కోసిన చివర్లకి వార్నిష్ వెయ్యడం మర్చిపోకండి.

వెడల్పు పెంచడం

పడుకునే చోటు పొడవు మీ ఎత్తు కన్నా 4 అంగుళాలు ఎక్కువ ఉండాలి. భుజాల దగ్గర ఒక మనిషికి 24 అంగుళాలు ఉంటే సుఖం. ఇంతకు తక్కువైతే రాత్రి బోర్లా తిరగలేరు. వి బెర్త్‌లో ఇద్దరి పాదాలు ఒకే మూలకి చేరతాయి. అది పడనివాళ్లు దాన్ని ఒక్కరికి వదిలేసి, రెండోవాళ్లు డైనెట్ మంచం మీదికి మారడం మేలు.

ఇద్దరూ పక్కపక్కనే పడుకోవాలంటే డైనెట్ మంచానికీ, కుడి సెటీకీ మధ్య ఉన్న నడవాని పలకతో మూయండి. ఒక గంటలో అయ్యే పనిలా కనిపిస్తుంది గానీ ముందు అట్టముక్కతో నమూనా చెయ్యండి. బోటులో ఏ గోడా నిటారుగా ఉండదు, ఏ మూలా తిన్నగా ఉండదు.

అట్ట సరిపోయాక దాన్ని అర అంగుళం మెరైన్ ప్లైవుడ్ మీద గీసి కొయ్యండి. రెండు పక్కలా బెర్త్ అంచుల లోపలి గోడకి 1 అంగుళం × 2 అంగుళాల చెక్కబద్దలు బోల్టులతో బిగించి, పలకని వాటి మీద కూర్చోబెట్టండి. పైభాగం పక్క బెర్త్‌లతో సమానంగా రావాలి. పావు అంగుళం తేడా ఉన్నా నడుముకి తెలుస్తుంది. పలక పొడుగ్గా ఉంటే మధ్యకి కోసి పియానో హింజ్, అంటే అంచు పొడవునా వచ్చే బందు, వెయ్యండి, పగలు మడిచి పక్కన పెట్టుకోవచ్చు. అంచులకి మూడు పూతలు ఎపాక్సీ. చేత్తో ఎత్తడానికి రెండు వేళ్లు పట్టే బెజ్జం. ఇవి మామూలే. చాలామంది మర్చిపోయేది ఒక్కటి: నడవా మూస్తే రాత్రి లేచి కాలు పెట్టేందుకు చోటుండదు. అందుకే మెట్ల దగ్గర అడుగున్నర ఖాళీ వదిలాను.

ఇప్పుడు ఫోమ్

పాత బోట్లలో ఫోమ్ రెండున్నర, మూడు అంగుళాలు ఉండి, దశాబ్దాల తరబడి నలిగి ఉంటుంది. పక్కకి తిరిగి పడుకుంటే తుంటి ఎముక పలకకి తగులుతుంది. 4 అంగుళాలకి తగ్గకండి. 90 కిలోలు దాటినవాళ్లకి 5 మంచిది. అయితే కొనే ముందు బెర్త్ మీద అంత ఎత్తు పుస్తకాలు పేర్చి, వాటి మీద కూర్చుని చూడండి. తల పైకప్పుకి తగిలితే పగలు అక్కడ కూర్చోలేరు.

షాపులో రెండు అంకెలు చెప్తారు, రెండూ వేరు. ఘనపు అడుగుకి ఇన్ని పౌండ్లు అనేది సాంద్రత, ఎన్నాళ్లు మన్నుతుందో చెప్తుంది. 2.5 పైన ఉన్నది అడగండి. ఐఎల్‌డీ అనేది గట్టిదనం. 4 అంగుళాల ఫోమ్‌ని నాలుగో వంతు నొక్కడానికి ఎన్ని పౌండ్లు కావాలో ఆ అంకె. బెర్త్‌కి 35 నుంచి 45 మధ్య బాగుంటుంది. షాపులో చేత్తో నొక్కితే గట్టిగా అనిపించేదే రాత్రి సుఖంగా ఉంటుంది. ఇంకా మెత్తగా కావాలంటే పైన 2 అంగుళాల లేటెక్స్ పొర వేసుకోండి. మెమరీ ఫోమ్ జోలికి పోకండి, చలికి చెక్కలా గట్టిపడుతుంది, ఎండాకాలం ఒంటికి అంటుకుని వేడెక్కిస్తుంది. నేను మొదట కొన్న ఖరీదైన పరుపు అదే.

కొలతకి బ్రౌన్ పేపర్ పరిచి, అంచులు గోటితో నొక్కి మడతపెట్టి గీయండి. హల్ గోడ పైకి వెళ్లేకొద్దీ బయటికి వాలుతుంది కాబట్టి ఫోమ్ పైభాగం అడుగు కన్నా వెడల్పుగా ఉండాలి. రెంటికీ వేర్వేరు పేపర్లు తియ్యండి. ప్రతి పేపరు మీదా "పైన", "ముక్కు వైపు", "ఎడమ" అని పెద్దగా రాయండి. నేను రాయలేదు. ఒక పేపరు తిరగేసి కోసి, ఎడమ బెర్త్‌కి బదులు రెండు కుడి బెర్త్‌లు తయారుచేశాను. ఆ ముక్క ఇప్పుడు మా కుక్క పరుపు.

కోయడానికి మాంసం కోసే ఎలక్ట్రిక్ కత్తి అన్నిటికన్నా మేలు. కవరు కన్నా ఫోమ్ ప్రతి వైపూ పావు అంగుళం ఎక్కువ ఉంచితే గుడ్డ ముడతలు పడదు. అతుకు తప్పనిసరైతే అది తుంటి కింద రాకుండా చూసుకోండి. కవరుకి సన్‌బ్రెల్లా లాంటి నేసిన గుడ్డ తీసుకోండి, వినైల్ వద్దు. జిప్పు ప్లాస్టిక్‌ది, వెనకంచు పొడవునా ఉండాలి. ఇనుప జిప్పు రెండేళ్లలో తుప్పు పట్టి మొరాయిస్తుంది.

బోటు నడుస్తుండగా పడుకోవాలంటే

చెరువులో యాంకర్ వేసి పడుకునేవాళ్లకి ఇది అక్కర్లేదు, దాటెయ్యండి. సముద్రంలో రాత్రంతా నడిపేవాళ్లకి మాత్రం పైన చెప్పిన వెడల్పు మంచం పనికిరాదు. అక్కడ ఇరుకే సుఖం. 2017-18లో ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే సెయిల్‌బోటు మీద ప్రపంచాన్ని చుట్టి వచ్చిన ఆరుగురు నేవీ అధికారిణుల్లో మన విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బి. ఐశ్వర్య ఉన్నారు. అలాంటి ప్రయాణాల్లో బోటు రోజుల తరబడి ఒకే పక్కకి వాలి నడుస్తుంది, వంతులవారీగా పడుకోవాలి. బెర్త్ అంచున కింద పడకుండా అడ్డంగా కట్టే గుడ్డని లీక్లాత్ అంటారు.

దీన్ని కుట్టడం ఉయ్యాల కట్టడమంత తేలిక. దళసరి కాన్వాసో, గట్టి వలగుడ్డో తీసుకుని, భుజం నుంచి మోకాలి దాకా వచ్చేలా నాలుగు అడుగుల పొడవు, పరుపు పైన 14 నుంచి 18 అంగుళాల ఎత్తు ఉంచండి. కింది అంచుని పరుపు అడుగుకి మడిచి, చెక్కబద్ద పెట్టి పలకకి స్క్రూలు వెయ్యండి. పై మూలల్లో రింగులు, వాటికి తాళ్లు, పైకప్పు చేతిపట్టీకి ముడి. పడుకున్నవాళ్లే ఒక చేత్తో విప్పుకోగలిగే ముడి అయ్యుండాలి. మొత్తం మనిషి బరువు పడేలా వేలాడి పరీక్షించాకే నమ్మండి.

పక్కబట్టలు

ఫిట్టెడ్ షీట్లు వి ఆకారానికి కుదరవు. మెత్తటి దుప్పటిని సగానికి మడిచి పక్కలు కుట్టి, సంచిలా చేసుకుని అందులో దూరి పడుకోండి. అమ్మ పాత చీరలతో కుట్టి పంపిన బొంత మా బోటులో అన్నిటికన్నా ఎక్కువ వాడే వస్తువు. పలచగా ఉంటుంది, రెయిలింగు మీద వేస్తే గంటలో ఆరుతుంది. తల దగ్గర ఎర్ర లైటు, నీళ్ల సీసా, కళ్లద్దాలకి గోడకి కుట్టిన చిన్న సంచి. చీకట్లో చెయ్యి చాపితే అందాలి, అంతే.

బోటు వదిలి ఇంటికి వెళ్లేటప్పుడు

పరుపులన్నీ అంచుల మీద నిలబెట్టండి. బెర్త్ కింద లాకర్ల మూతలు తీసి పక్కన పెట్టండి. పక్కబట్టలు కారులో ఇంటికి తెచ్చేయండి, బోటులో మడిచి పెట్టిన దుప్పటికి రెండు వారాల్లో బూజు వాసన వస్తుంది. ఎండతో నడిచే గాలి ఫ్యాన్, అంటే సోలార్ వెంట్, ఉంటే ఆన్ చెయ్యండి. చివరగా హాలియార్డ్ మాస్ట్‌కి దూరంగా కట్టారో లేదో ఒకసారి చూసుకోండి, ఆ రాత్రి పక్క స్లిప్‌లో (బోటు కట్టే చోటులో) ఎవరైనా పడుకుని ఉండొచ్చు.